గోల్ఫ్ వ్యాసంలో ‘హోల్’ను తెలుగులో ఏమని రాయాలి?

నమస్కారం. తెలుగు వికీపీడియాలోని గోల్ఫ్ వ్యాసాన్ని, ఆ ఆటను ఎన్నడూ చూడని పాఠకులకు సైతం అర్థమయ్యేలా విస్తరించాలని పూనుకున్నాను. 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు ఈ ఆటను నిషేధించడం, 1764లో అక్కడి సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానంలో 22 హోళ్ల ఆట 18కి తగ్గడం వంటి చరిత్ర సులువుగానే సాగింది. చిక్కంతా పదజాలంతోనే వచ్చింది. ‘హోల్’ అంటే బంతి పడే గుంత మాత్రమే కాదు, తొలి దెబ్బ కొట్టే చోటు నుంచి ఆ గుంత వరకు ఉన్న ఆటస్థలమంతా కూడా కాబట్టి, ‘గుంత’ అని రాస్తే ‘400 గజాల గుంత’ అనే వింత వాక్యం తయారవుతోంది. పార్ (ఒక హోల్‌ను ముగించడానికి నిర్ణయించిన దెబ్బల సంఖ్య), బర్డీ, బోగీ అనే మాటలను అలాగే ఉంచి, పార్ కంటే ఒక దెబ్బ తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ అని మొదటిసారి వచ్చినచోటే వివరించడం మేలని నా అభిప్రాయం. ‘హోల్’కు ఈ రెండు అర్థాల్లోనూ వాడదగిన తెలుగు మాటలను, ఆట తెలిసినవారు గానీ క్రీడా వార్తలు రాసేవారు గానీ దయచేసి సూచించగలరా?