సమస్యాపూరణం: “సున్న వేగమందుఁ జుట్టు తిరిగె”

నిర్వాహకుడు: విశాఖ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో లోహాన్ని చెక్కే పాత మిల్లింగు యంత్రం నుండి మామూలు ఇండక్షన్ మోటారును తీసివేసి, చెప్పిన వేగాన్ని కచ్చితంగా పాటించే సర్వో మోటారును 2:1 బెల్టుతో (మోటారు రెండు చుట్లకు ఒక చుట్టు) స్పిండిలుకు, అంటే కత్తిని తిప్పే ఇరుసుకు, తగిలించినప్పుడు పుట్టిన సమస్య ఇది. మోటారును నడిపే డ్రైవును వేగ నియంత్రణలో ఉంచి, కంట్రోలరు ఆజ్ఞగా పంపే 10 వోల్టులకు నిమిషానికి 3000 చుట్లని నిర్దేశించారు. ఇచ్చినది ఆటవెలది నాల్గవ పాదం. ఇందులోని ‘జుట్టు’ శిరోజం కాదని, ద్రుతం (‘అందున్’లోని నకారం) మీద ‘చ’ సరళంగా ‘జ’ అయిన ‘చుట్టు’ అని ముందే మనవి.

గాజువాక సభ్యుడు:
పట్టి చూడఁ దెలిసెఁ బదిమిల్లి వోల్టుల
దొంగ యొకఁడు తీఁగఁ దూరియుండె
నాజ్ఞ లేకయున్న నది చాలె మోటారు
సున్న వేగమందుఁ జుట్టు తిరిగె

నిర్వాహకుడు: పూరణ సహజంగా ఉంది, లెక్క కూడా సరిపోయింది. 10 మిల్లీవోల్టులంటే నిమిషానికి 3 చుట్లు. మోటారు పుల్లీ మీద సుద్దతో గీత గీసి నిలబడితే అది 20 సెకన్లకొకసారి ఎదుటికి వస్తుంది. డ్రైవులో సున్న వేగపు బిగింపును పెట్టి కదలికను ఆపవచ్చును గాని, అది దొంగను పట్టుకోవడం కాదు, తలుపు వేయడం మాత్రమే. ముందు ఆఫ్‌సెట్‌ను, అంటే ఆజ్ఞ లేకున్నా తీగలో మిగిలే ఆ చిన్న వోల్టేజిని, సరిదిద్దుకొని, ఆపై స్పిండిలును ఆపే ఎం5 ఆజ్ఞతో డ్రైవు ఎనేబుల్ (పనిచేసే అనుమతి) కూడా తెగేటట్లు వైరింగు చేసుకోవడం మేలు. ‘దొంగ–దూరి’ యతి ముచ్చటగా కుదిరింది.

మధురవాడ సభ్యురాలు:
పాత కత్తి తీసి పనిముట్టు మార్చంగ
గాడి గుర్తు వెదకి కదలి కదలి
నిలువుమన్నఁ గదురు నిలిచినయట్లుండి
సున్న వేగమందుఁ జుట్టు తిరిగె

నిర్వాహకుడు: పనిముట్టు మార్చడానికి స్పిండిలును ఒకే కోణంలో నిలిపే ఎం19 ఆజ్ఞను ఇంత తేటగా చెప్పడం, స్పిండిలుకు మన రాట్నపు ‘కదురు’ను తెచ్చి పెట్టడం నాకెంతో నచ్చాయి.

గాజువాక సభ్యుడు: పద్యానికి కాదు గాని, యంత్రానికి ఒక ఆక్షేపణ ఉంది. 2:1 బెల్టు ఉన్నప్పుడు కదురు ఒక్కసారి తిరిగేలోగా మోటారు ఎన్‌కోడరు (తిరుగుడును కొలిచే పరికరం) చుట్టుకొకసారి ఇచ్చే గుర్తు రెండుసార్లు వస్తుంది కనుక, ఆ గుర్తును నమ్ముకొంటే కదురు 180 డిగ్రీల తేడాతో ఆగవచ్చును.

మధురవాడ సభ్యురాలు: నిజమే. నేను చెప్పిన గాడి గుర్తు కదురు మీదిదే, దానికి వేరే సెన్సరు ఉండాలి.

పెందుర్తి సభ్యుడు:
వడిగ నాఁపఁబోవ వచ్చిన శక్తికి
డ్రైవు చేతులెత్తె రెసిస్టరు లేక
పట్టు విడిన మీఁదఁ బరువైన చక్రంబు
సున్న వేగమందుఁ జుట్టు తిరిగె

నిర్వాహకుడు: విషయం అనుభవం నుండి వచ్చినదే. వేగాన్ని ఒక్కసారిగా తగ్గించినప్పుడు మోటారు జనరేటరుగా మారి డ్రైవులోని డీసీ వోల్టేజిని పెంచుతుంది. దాన్ని వేడిగా ఖర్చు చేసే బ్రేకింగు రెసిస్టరు లేకపోతే డ్రైవు అలారమిచ్చి చేతులెత్తేస్తుంది, పుల్లీ తన ఊపున తాను తిరుగుతుంది. అయితే ఇక్కడ సున్న అయినది ఆజ్ఞే గాని వేగం కాదు. సమస్యకు ఇది కొంత ఎడంగా ఉంది. రెండవ పాదంలో ‘రెసిస్టరు’ సూర్యగణంలో ఇమడదు, యతి కూడా తప్పింది. “డ్రైవు చేతులెత్తె డస్సి తుదకు” అంటే రెండూ సరిపోతాయి.

పెందుర్తి సభ్యుడు: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. రెసిస్టరును పద్యంలో నుండి తీసేశాను గాని, నిన్ననే డ్రైవు పక్కన బిగించాను.