మెయిళ్లలో కెన్, కుడ్, షుడ్: కొత్తగా చేరిన వారికి ఏమని చెప్పాలి?

పోలేపల్లి క్యూఏ (ప్రశ్న):
జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. కల్వకుర్తి, అచ్చంపేట, నారాయణపేట వైపు నుంచి డిగ్రీ ముగించుకొని కొత్తగా చేరుతున్న పిల్లల మెయిళ్లను, అవి బయటికి వెళ్లేముందు చూసే బాధ్యత నాది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఈ పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం బాగానే వచ్చు, సబ్జెక్టు అంతకన్నా బాగా వచ్చు. అయినా ప్రొడక్షన్ మేనేజరుకు ‘ప్లీజ్ సెండ్ ద బ్యాచ్ రికార్డ్ టుడే’ (బ్యాచ్ రికార్డ్ అంటే ఒక విడత మందు తయారీ వివరాల పత్రం) అని రాస్తే ఆయనకు అది హుకుం లాగా వినిపిస్తున్నది. ఆ మాట చెబితే మరుసటి మెయిలులో ‘కుడ్ యూ ప్లీజ్ కైండ్లీ’ అని మూడు మర్యాదలను ఒకదానిపై ఒకటి పేరుస్తున్నారు. ఏ మాట ఎవరితో వాడాలో పట్టిక రాసిస్తే బట్టీ పడతారు గానీ, ఎందుకు వాడాలో అర్థమయ్యేలా చెప్పడం ఎట్లా?

విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు, నల్లగొండ:
మీ పిల్లలకు మర్యాద తెలియక కాదు. మన భాషలో మర్యాద క్రియ చివరనే ఉంటుంది. ‘పంపండి’ అన్నా, మన వైపు ‘జర పంపుండ్రి సార్’ అన్నా గౌరవం అందులోనే కలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘సెండ్’ అనే మాట మేనేజరుకూ అటెండరుకూ ఒకే రూపంలో ఉంటుంది కాబట్టి, ముందు ‘ప్లీజ్’ తగిలించినా అందులోని ఆజ్ఞ పూర్తిగా పోదు. అక్కడ గౌరవాన్ని మోసేవి ప్రశ్న రూపమూ, దాని ముందు నిలిచే సహాయక క్రియా. ‘కుడ్ యూ సెండ్’ అన్నప్పుడు, కుదరదని చెప్పే వీలు ఎదుటివారికి ఉన్నదని మనం ఒప్పుకుంటున్నాం. ఇది పట్టుబడితే పట్టికతో పని ఉండదు.

కుడ్, వుడ్ చూడటానికి భూతకాల రూపాలే అయినా ఇక్కడ కాలంతో సంబంధం లేదు. అవి అడిగే మాటను కొంచెం వెనక్కి జరుపుతాయి, అంతే. జవాబులో మాత్రం ఆ జరుగుడు అక్కరలేదు. ‘కుడ్ యూ’ అని అడిగినవారికి ‘యెస్, ఐ కెన్’ అనాలి. ‘యెస్, ఐ కుడ్’ అంటే వెనక ఏదో షరతు ఉన్నట్టు వినిపిస్తుంది.

ఇంకొకటి గమనించండి. మన దరఖాస్తులలో, సర్క్యులర్లలో ‘పంపగలరు’, ‘గమనించగలరు’ అని రాస్తాం, అది మనకు విన్నపమే. దాన్నే ‘యూ కెన్ సెండ్ ఇట్ టుమారో’ అని దించితే, విదేశీ కస్టమరు తనకు రేపటిదాకా వెసులుబాటు దొరికిందనుకుంటాడే తప్ప, తనను అడుగుతున్నారనుకోడు. ఇక్కడ చెడేది మర్యాద కాదు, పని.

మీ మేనేజరుకు ‘కుడ్ యూ సెండ్ ద బ్యాచ్ రికార్డ్ బై ఫోర్? వీ నీడ్ ఇట్ ఫర్ ద రిలీజ్’ అని రాయించండి. కారణం ఒక్క వాక్యంలో ఉంటే ‘కైండ్లీ’ అవసరమే పడదు.

డాక్యుమెంటేషన్ ఉద్యోగి, చౌటుప్పల్:
పై వివరణతో ఏకీభవిస్తాను. అయితే మన రంగంలో మరో చిక్కు ఉన్నది. ఎస్‌ఓపీలలో, అంటే ఏ పని ఎట్లా చేయాలో రాసిపెట్టే పత్రాలలో, ఇవే మాటలకు మర్యాదతో సంబంధం లేదు. అమెరికా మందుల తయారీ నిబంధనలు, అంటే 21 సీఎఫ్‌ఆర్ 211వ భాగం, ‘షల్’ అన్నదంటే చేసి తీరవలసిందే. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శక పత్రాలలో ‘షుడ్’ అంటే సిఫారసు మాత్రమేనని ఆ పత్రాలలోనే రాసి ఉంటుంది. ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణాలలోనూ షల్ తప్పనిసరి, షుడ్ సిఫారసు, మే అనుమతి. పగలంతా వీటిని చదివిన పిల్లవాడు సాయంత్రం సీనియరుకు ‘యూ షల్ సబ్మిట్’ అని రాస్తే వింత లేదు.

మెయిలు మర్యాద పత్రాలలోకి వచ్చినా ప్రమాదమే. ఆడిట్ జవాబులో ‘వీ విల్ రివైజ్ ద ఎస్‌ఓపీ’ అని తేదీతో సహా రాయవలసిన చోట, వినయంగా ఉంటుందని ‘వీ వుడ్ ట్రై టు రివైజ్’ అని రాస్తే ఆడిటరు దాన్ని హామీగా లెక్కించడు. ‘యూ షుడ్ హావ్ ఇన్ఫార్మ్‌డ్ అస్’ వంటివి మాత్రం మెయిళ్లలో పూర్తిగా మాన్పించండి, అది నిలదీయడమే.

మిర్యాలగూడ వాసి, ప్రస్తుతం హైదరాబాద్:
మేము సాఫ్ట్‌వేర్‌లో తోటివారితో చాట్ చేసేటప్పుడు ‘కెన్ యూ చెక్ దిస్?’ అంటే చాలు. పక్క సీటు మనిషికి ‘వుడ్ యూ మైండ్’ అని మొదలుపెడితే ఎత్తిపొడుపు అనుకుంటాడు. రాయడంతో పాటు చదవడమూ నేర్పండి: విదేశీ మేనేజరు ‘యూ మైట్ వాంట్ టు లుక్ ఎట్ దిస్’ అన్నప్పుడు, సలహాయే కదా అని పక్కన పెట్టకూడదు. చాలాసార్లు అది పని అప్పగించడమే.

పోలేపల్లి క్యూఏ:
అందరికీ ధన్యవాదాలు. సార్, ఒక్క సందేహం మిగిలింది. మర్యాదగా అడిగినా జవాబు రాకపోతే, రెండో మెయిలులో మరింత మెత్తగా రాయాలా?

విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు, నల్లగొండ:
వద్దు. మెత్తదనం పెంచితే ఆ పని అంత ముఖ్యం కాదేమో అనిపిస్తుంది; అట్లాగని ‘యూ మస్ట్’ అంటే పై అధికారి పంతానికి పోతాడు. మనిషిని వదిలిపెట్టి పరిస్థితిని కర్తగా పెట్టండి: ‘వితవుట్ ద రికార్డ్, ద బ్యాచ్ కెనాట్ బి రిలీజ్డ్ టుడే.’ అందులో ‘యూ’ లేదు, తప్పు ఎవరిదన్న మాటా లేదు. అసలు దానికంటే ముందు, మేనేజరు గారు అదే ప్లాంటులో ఉంటారు కనుక, ఒకసారి వెళ్లి తెలుగులో అడిగి రమ్మనండి.