సిల్వేనియాలో దొరికిన రెక్కల గుల్ల: ఇది ఏమిటి, ఎలా శుభ్రం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో ఉంటున్నాము. గత శనివారం సిల్వేనియాలోని ఫాసిల్ (శిలాజాల) పార్కులో మా అమ్మాయి బూడిదరంగు షేల్ రాతిని చేత్తో విరుస్తుండగా 3.5 సెంటీమీటర్ల వెడల్పున్న గుల్ల ఒకటి బయటపడింది. దానికి రెండు పక్కలా మొనదేలిన రెక్కలు ఉన్నాయి. ఆల్చిప్ప కాబోలనుకొని, మట్టి వదులుతుందని వెనిగర్‌లో వేశాను. బుడగలు రావడం చూసి కంగారుపడి వెంటనే తీసేశాను గాని, అప్పటికే ఒక రెక్క కొసన గీతలు అరిగిపోయాయి. ఇది ఏ జీవి? ఇప్పుడు ఏం చేయాలి? ఫొటోలు జతచేశాను.

సమాధానం:
నమస్కారమండీ. ముందుగా గుల్లను మంచినీటిలో చిటికెడు వంటసోడా కలిపి కడిగి, మళ్లీ మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టండి. దాని పెంకు కాల్సైట్, అంటే సున్నపురాయిలోని పదార్థమే. ఆమ్లం తగిలితే అది కరుగుతుంది, మీరు చూసిన బుడగలు అలా వెలువడిన కార్బన్ డయాక్సైడే. అరిగిన గీతలు తిరిగి రావు. ఇకపై నీళ్లు, పాత టూత్‌బ్రష్, వెదురుపుల్ల మాత్రమే వాడండి.

ఇది ఆల్చిప్ప కాదు, బ్రాకియోపాడ్, అంటే ఆల్చిప్పలా రెండు చిప్పలున్నా వేరే వర్గానికి చెందిన సముద్రజీవి. ఆల్చిప్పకు సాధారణంగా రెండు చిప్పలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి గాని, ఒక్క చిప్పనే తీసుకొని చూస్తే కుడి ఎడమలు సరిపోలవు. మీ గుల్లను నిలువుగా మధ్యకు గీత గీసినట్టు ఊహించుకుంటే రెండు సగాలూ సరిపోతాయి, పై చిప్ప కింది చిప్ప మాత్రం వేరువేరుగా ఉంటాయి. మీ రెండో ఫొటోలో ఒక చిప్ప నడుమ కాలువలాంటి పల్లం, ఎదుటి చిప్పకు దానికి సరిపడే గట్టు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండు చిప్పలూ కలిసే పొడవైన తిన్నని కీలురేఖ, దాని చివర ముళ్లలా సాగిన రెక్కలు, విసనకర్ర మడతల్లాంటి గీతలు చూస్తే ఇది మ్యూక్రోస్పిరిఫర్ ప్రజాతి అనడంలో నాకు సందేహం లేదు. సేకర్తలు చాలామంది అలవాటుగా మ్యూక్రోనేటస్ అనే జాతి పేరుతో చీటీ అంటించేస్తారు. కానీ మీకు రాయి దొరికిన సిలికా షేల్ అనే రాతిపొర నుంచి ప్రొలిఫికస్, గ్రబావై అనే జాతులను కూడా వర్ణించారు కాబట్టి, ఫొటో చూసి జాతి పేరు తేల్చడం నాకు సబబుగా తోచదు.

దీని వయసు డెవోనియన్ అనే భూగర్భ కాలం మధ్యభాగం, అంటే ఇంచుమించు 38 కోట్ల సంవత్సరాలు. అప్పుడు అక్కడ లోతు తక్కువైన సముద్రం ఉండేది. బురద నేలలో కూరుకుపోకుండా బరువును పరచడానికి ఆ రెక్కలు ఉపయోగపడి ఉంటాయని భావిస్తారు. గుల్ల లోపల స్ప్రింగులా చుట్టుకున్న సన్నని సున్నపు ఆధారం ఉండేది. నీటిలోని ఆహారపు రేణువులను వడగట్టే అవయవం దానిమీదే నిలిచేది. స్పిరిఫర్ అన్న పేరు ఆ చుట్టల వల్లనే వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలండీ. ఇంకొక గుల్ల బంగారంలా మెరుస్తోంది. దానిని కూడా ఇలాగే కడగవచ్చా?

సమాధానం:
దయచేసి దానిని తడపవద్దు. అది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. తేమ తగిలితే పైరైట్ ఆక్సీకరణం చెంది, తెల్లని లేదా పసుపు పొడి రాలుతూ, గంధకామ్లం పుట్టి, కొన్నేళ్లలో గుల్లనే పగలగొడుతుంది. పొడి బ్రష్‌తో దులిపి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, గాలి చొరని డబ్బాలో ఉంచండి. పొట్లాలను అప్పుడప్పుడు మారుస్తూ ఉండాలి. బేస్‌మెంట్‌లో మాత్రం పెట్టకండి, అక్కడ చెమ్మ ఎక్కువ.

మరొక మాట. అరిగిన రెక్కకు జిగురు, వార్నిష్ వంటివేవీ పూయకండి. ఒక చిన్న కాగితంపై "సిలికా షేల్, సిల్వేనియా, ఒహాయో" అని, దొరికిన తేదీతో సహా పెన్సిల్‌తో రాసి గుల్లతోపాటే ఉంచండి. ఆ వివరం పోతే, గుల్ల ఎంత చక్కగా ఉన్నా జాతిని నిర్ధారించడం నిపుణులకు కూడా కష్టమవుతుంది.