ఒకే గంజాయి కేసు, ఇద్దరు పిల్లలు: ఒకరికి చికిత్స, ఒకరికి శిక్ష. తేడా ఎక్కడ వచ్చింది?

కాజీపేట లెక్చరర్:
నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. మా స్టూడెంట్లు ఇద్దరు రైలు పట్టాల దగ్గర గంజాయి తాగుతూ దొరికారు. ఇద్దరిదీ పంతొమ్మిదేళ్ల వయసు. దొరికింది ఒక చిన్న ప్యాకెట్, పొగాకు దులిపేసి గంజాయి నింపిన రెండు సిగరెట్లు. ఇద్దరినీ ఒకే స్టేషన్‌కు తీసుకెళ్లారు, అవే సెక్షన్లు పెట్టారు.

ఒకడి నాన్న కాంట్రాక్టర్, నయీంనగర్‌లో సొంతిల్లు. తెల్లారేసరికి వకీలు వచ్చాడు. కొద్దిరోజుల్లోనే పిల్లగాడిని హైదరాబాద్‌లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించి కోర్టులో పిటిషన్ వేశారు. చికిత్స పూర్తయింది, కేసు పోయింది.

రెండోవాడిది రంగశాయిపేట, దళిత కుటుంబం. తండ్రి లేడు, తల్లి సఫాయి పని చేస్తుంది. కోర్టు బయట ఎవరో "ఒప్పుకుంటే ఫైన్‌తో పోతది, లేకుంటే ఏండ్లకేండ్లు తిరగాలె" అన్నారట. ఒప్పుకున్నాడు. మహిళా సంఘంలో తెచ్చిన అప్పుతో తల్లి ఫైన్ కట్టింది. పోయిన వారం పోలీసు ఉద్యోగానికి సంబంధించిన ఫారం ముందు పెట్టుకుని నాకు ఫోన్ చేశాడు. "ఏదైనా కేసులో శిక్ష పడిందా అని అడుగుతున్నారు సార్, ఏం రాయాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అమెరికాలో డ్రగ్స్ కేసుల్లో నల్లజాతివాళ్లను కోర్టులు చికిత్సకు తక్కువగా పంపుతాయని చదివాను. మన కోర్టులో ఈ పిల్లల కులం ఎవరూ అడగలేదు. అయినా ఇద్దరి దారులు వేరైపోయాయి. ఎక్కడ వేరయ్యాయి? ఇప్పుడు ఇతనికి ఏం చేయగలం?

హన్మకొండ అడ్వకేట్:
సార్, వేరయింది కోర్టు హాలుకు చేరకముందే. మత్తుమందుల కేసులకు వాడే ఎన్డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. గంజాయి అయితే కిలో వరకు చిన్న మొత్తం కిందే లెక్క. చిన్న మొత్తంతో దొరికినవాడు గానీ, తాగిన కేసు మాత్రమే ఉన్నవాడు గానీ వ్యసనపరుడైతే, తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. ఇందులో 'తనంతట తాను' అన్నదే అసలు సంగతి. నీకు ఈ దారి ఉంది అని చెప్పేవాడు లేకపోతే తల్లి ఎలా అడుగుతుంది?

రెండో దారి సెక్షన్ 39. నేరం రుజువైనా శిక్ష వేయకుండా, అతని ఒప్పుదలతో, బాండు రాయించుకుని చికిత్సకు పంపొచ్చు. అయితే వయసు, నడవడిక, పూర్వచరిత్ర చూసి జడ్జి నిర్ణయిస్తారు. ఫైన్‌తో ఒప్పుకోలు కేసులు వరసగా పిలిచే రోజున వకీలు లేచి అడగకపోతే ఆ మాట రాదు. నేను కోర్టులో రోజూ చూస్తున్నదే చెప్తున్నా.

ఇక ఫారం సంగతి. దాచొద్దు. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది ఇదే: ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, కానీ దాచిపెట్టి దొరికితే ఉద్యోగం ఇవ్వకపోవడానికి అదే ఇంకో కారణం అవుతుంది.

అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉంటున్న హుజూరాబాద్ వాసి:
నేను ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో పని చేస్తాను అన్నా. 1989లో మయామీలో మొదటి డ్రగ్ కోర్టు పెట్టారు. ఉద్దేశం మంచిదే, జైలుకు బదులు చికిత్స. కానీ అరెస్టయ్యేవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా ఎంతో, ఈ కోర్టుల్లో చేరేవాళ్లలో అంత లేదు. జడ్జి ముఖం చూసి కాదనడం వల్లే ఇలా అవుతుందనుకోకండి. చాలాచోట్ల పాత కేసులు, ముఖ్యంగా హింస కేసు ఉంటే చేర్చుకోరు. ఎవరిని పంపాలన్నది ముందు ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది. మరి పాత కేసులు ఎవరి మీద ఉంటాయి? పోలీసులు ఎక్కువగా తిరిగే బస్తీల పిల్లల మీద. గంజాయి వాడకం తెల్లవాళ్లలో, నల్లవాళ్లలో దాదాపు సమానమే అయినా, 2010 లెక్కల ప్రకారం నల్లవాళ్లు అరెస్టయ్యే అవకాశం 3.73 రెట్లు. ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ 2013లో బయటపెట్టిన లెక్క ఇది. మొదటి అరెస్టులోని అన్యాయం రెండోసారికి 'పూర్వచరిత్ర' అయి కూర్చుంటుంది. అడ్వకేట్ గారు చెప్పిన సెక్షన్ 39లో ఆ మాటే చూసి ఒక్క క్షణం ఆగిపోయాను.

చేరినవాళ్లలో కూడా నల్లవాళ్లు పూర్తి చేసేది తక్కువ. బండి లేదు, షిఫ్టు వదిలి రాలేరు, ఇన్సూరెన్స్ లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఇక్కడి పద్ధతి నాకు నచ్చింది. చికిత్సలో చేరిన మనిషి ఏ జాతి, ఎవరు పంపితే వచ్చాడు, కోర్టా, డాక్టరా, తనేనా అని రాసిపెడతారు. అందుకే తేడా లెక్కల్లో కనిపించింది, వాదించడానికి ఆధారం దొరికింది. మన దగ్గర కూడా జిల్లాల వారీగా రాయాలి, కులంతో సహా.

కరీంనగర్ నర్సు:
మానసిక విభాగంలో పని చేస్తాను సార్. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ రెండో బాబుకు నిజంగా వ్యసనం ఉందా? అప్పుడప్పుడు తాగేవాళ్లందరికీ సెంటర్ అక్కర్లేదు. మా దగ్గరికి కల్తీ కల్లు మానేసినవాళ్లు వస్తారు. అందులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు ఒక్కసారిగా ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి. వాళ్లలో ఎక్కువమంది కూలి చేసుకునేవాళ్లే. బెడ్డు నిజంగా కావాల్సింది వాళ్లకి. కేసు నుంచి తప్పించుకోవడానికి చికిత్స డబ్బున్నవాళ్లకే దారి అయితే ఈ బాబుకూ, ఆ కూలీలకూ నష్టమే.

బాబుకు అవసరం ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి, చీటీలన్నీ భద్రంగా పెట్టుకోండి. వ్యసనం మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసినా మాట్లాడతారు, ఉచితం. గుర్తింపు లేని ప్రైవేటు సెంటర్ల జోలికి పోవద్దు. కొన్నిచోట్ల కట్టేసి కొట్టారని ఏడ్చినవాళ్లను నేను చూశాను.

కాజీపేట లెక్చరర్:
మేడం, మీరు అడిగింది న్యాయమే. మానేశానంటున్నాడు, పొద్దున్నే పరుగుకు వెళ్తున్నాడు. అయినా ఓపీకి తీసుకెళ్తాను. తమ్ముడూ, నువ్వు చెప్పిన పూర్వచరిత్ర మాట మా పిల్లగాడికి ఇప్పుడే మొదలైంది. రేపు ఆ బస్తీలో ఎవరు దొరికినా మొదట ఇతని పేరే పిలుస్తారని తల్లి భయం.

అడ్వకేట్ గారూ, ఒప్పుకున్న కేసును తిరగదోడే వీలుందా? వకీలు ఫీజు వాళ్లు ఇచ్చుకోలేరు.

హన్మకొండ అడ్వకేట్:
దారి ఇరుకు సార్, కానీ పూర్తిగా మూసుకుపోలేదు. ఒప్పుకున్నాక అప్పీలంటే మామూలుగా శిక్ష ఎంత, అది చట్టప్రకారమేనా అన్నంతవరకే. ఒప్పుకోలు అంటే ఏమిటో అతనికి అర్థమయ్యేలా చెప్పారా లేదా అన్నది రికార్డులో చూడాలి. అక్కడ లోపముంటే హైకోర్టులో వాదించొచ్చు. ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఒప్పుకోలు నమోదు చేసిన కాగితం తీయించండి.

ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఎస్సీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, కస్టడీలో ఉన్నవాళ్లకు కూడా. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. తల్లిని, బాబును ఇద్దరినీ తీసుకురండి. ఫారం చివరి తేదీ ఎప్పుడో కూడా చెప్పండి, దాన్ని బట్టి ముందు ఏ కాగితం కదపాలో చూద్దాం.