ఇంటిపేరు ముందూ వెనకా అయితే సైటేషన్లు చీలిపోతాయా?

బరంపురం నుంచి: మా విభాగం చర్మవైద్యుడివి తామర, కుష్ఠు మీద పేపర్లున్నాయి. పరిశోధన పేపర్లనూ, వాటికి వచ్చిన సైటేషన్లనూ (వేరే పేపర్లలో వాటిని ఉదహరించడం) లెక్కించే స్కోపస్ డేటాబేస్‌లో ఆయనకు రెండు ప్రొఫైళ్లు. గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ (ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో ఆ అంకె) ఎక్కువ చూపిస్తోంది. దరఖాస్తులో ఏది రాయాలండీ?

పర్లాకిమిడి నుంచి: చీలిక మన ఇంటిపేరు వల్లే. ఒక పత్రికలో అది పొడి అక్షరంగా ముందు, మరోదాంట్లో పూర్తిగా చివర. స్కోపస్ ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డ్‌లో రెండూ ఎంచుకుని కలపమని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు. అంతకుముందు పేపర్లు ఒక్కొక్కటే చూడండి. అవే పొడి అక్షరాలున్న ఎముకల డాక్టరు పేపరు దూరి ఉండొచ్చు. ఇకపై ఒకే రూపంలో పేరు, పరిశోధకుణ్ణి గుర్తుపట్టే 16 అంకెల ఆర్కిడ్ నంబరు ఇవ్వాలి.

రాయగడ నుంచి: స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (పత్రికలో రాకముందే ఆన్‌లైన్లో పెట్టిన పేపర్లు) కూడా లెక్కేస్తుంది, అందుకే ఎక్కువ. అందులో ఆటోమేటిక్‌గా పేపర్లు చేరడం ఆపేయండి. లెక్క చేత్తో సరిచూసుకోవచ్చు: సైటేషన్లు 30, 18, 9, 5, 4, 2 అనుకోండి. నాలుగో పేపరుకు 5 ఉన్నాయి, ఐదోదానికి 4 మాత్రమే. కాబట్టి హెచ్ 4, ఐ10 (కనీసం 10 సైటేషన్లున్న పేపర్ల సంఖ్య) రెండు. దరఖాస్తులో అంకె పక్కనే ఏ డేటాబేస్, ఏ తేదీ అన్నది తప్పక రాయండి.

బరంపురం నుంచి: తన పేపర్లను తానే ఉదహరించుకున్న స్వీయ సైటేషన్ల సంగతి?

పర్లాకిమిడి నుంచి: స్కోపస్ సైటేషన్ ఓవర్‌వ్యూలో తీసేసి చూడొచ్చు. కేస్ రిపోర్టులకు సైటేషన్లు తక్కువే వస్తాయి, రివ్యూలకు ఎక్కువ. అంకె చిన్నదని కుష్ఠు మీద చేసిన పనిని తక్కువగా చూడకండి.