సరళీకరించిన ‘ఫ్యూర్ ఎలీజ్’: రెండు చేతులు కలిపే చోట ఆగిపోతున్నాను

ప్రశ్న

పియానో నేర్చుకోవడం మొదలుపెట్టి నాకు నాలుగు నెలలైంది. బీథోవెన్ ‘ఫ్యూర్ ఎలీజ్’ తొలి భాగాన్ని కొత్తవారి కోసం తేలిక చేసిన స్వరలిపి ప్రతి దొరికితే దానిని సాధన చేస్తున్నాను. కుడిచేతి వరుస విడిగా బాగానే వస్తోంది. ఎడమచేతికి ఒక్కో బార్‌లో (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య భాగం) రెండేసి స్వరాలే ఉన్నందున అది ఇంకా తేలిక. అయితే రెండు చేతులూ కలపగానే, కుడిచేతి పల్లవి ‘ఎ’ స్వరం మీద వాలి ఎడమచేయి అందుకోవలసిన చోట వేళ్లు ఒక్క క్షణం బిగుసుకుపోతున్నాయి. పోయిన ఆ క్షణాన్ని పూడ్చుకోవడానికి తర్వాతి స్వరాలను తెలియకుండానే తొందరగా వాయించేస్తున్నాను. రెండు వారాలుగా రోజూ మొదటి నుంచి చివరిదాకా పదిసార్లు వాయిస్తున్నా తడబాటు అక్కడే ఉంది. మరొక సందేహం: ఈ తేలిక రూపం చేతికి అలవాటైపోతే, ముందు ముందు అసలు రచన నేర్చుకునేటప్పుడు అది అడ్డం వస్తుందా?

జవాబు 1

మీరు దీనిని రెండు చేతులు ‘కలిపి’ వాయించే చోటుగా భావిస్తున్నారు. నిజానికి ఇక్కడ ఒక చేయి మరో చేతికి వరుసను అందిస్తుంది. ఈ రచన తాళం 3/8, అంటే బార్‌కు మూడు దెబ్బలు. ఒక్కో దెబ్బను సగం చేస్తే ఒక్కో బార్‌లో ఆరు చిన్న మాత్రలు ఉంటాయనుకోండి. అసలు ప్రతిలో ఒకటో మాత్ర మీద కుడిచేతి ‘ఎ’, ఎడమచేతి ‘ఎ’ కలిసి మోగుతాయి. రెండు, మూడు మాత్రలలో ఎడమచేయి ఒక్కటే ‘ఇ’, పై ‘ఎ’ వాయిస్తుంది. నాలుగు, ఐదు, ఆరు మాత్రలలో కుడిచేయి ఒక్కటే ‘సి’, ‘ఇ’, ‘ఎ’ వాయిస్తుంది. అంటే బార్ మొత్తంలో రెండు చేతులూ ఒకేసారి మీటలు నొక్కేది ఒక్క చోటే. మిగిలినదంతా ఒకే గొలుసు.

మీ ప్రతిలో ఎడమచేతికి రెండేసి స్వరాలే ఉన్నాయన్నారు. అవి ఒకటో మాత్ర మీద, మూడో మాత్ర మీద ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే తడబాటుకు కారణం అదే కావచ్చు: రెండో మాత్ర ఖాళీ. అప్పటిదాకా ప్రతి మాత్రకూ ఒక స్వరం పలికిన చేతికి హఠాత్తుగా శూన్యం ఎదురైతే, దానిని ఎంతసేపు నిలపాలో తెలియక బిగుసుకుంటుంది. తేలిక చేయడం కోసం తీసేసిన స్వరమే లయను కష్టం చేసిందన్నమాట!

సాధన విషయానికొస్తే, మొదటి నుంచి చివరిదాకా పదిసార్లు వాయించడం మానండి. దానివల్ల మీరు తడబాటును కూడా పదిసార్లు సాధన చేస్తున్నారు. ‘ఎ’కు ముందున్న ‘డి’, ‘సి’ల దగ్గర మొదలుపెట్టి, ‘ఎ’ మీదుగా, ఎడమచేతి స్వరాలు దాటి, కుడిచేతి ‘సి’ నొక్కి అక్కడే ఆగండి. నోటితో ఆరు మాత్రలు లెక్కపెడుతూ, ఒక్కో మాత్రకు మెట్రోనోమ్ (లయ కోసం సమాన వ్యవధిలో టక్‌మనే పరికరం) ఒక్కో దెబ్బ కొట్టేంత నెమ్మదిగా వాయించండి. చేతులు మారే ఆ అతుకు దగ్గర ఆగకుండా దానిని దాటిన తర్వాతి స్వరం మీద ఆగడం ముఖ్యం.

జవాబు 2

మీ రెండో సందేహానికి నా అభిప్రాయం: సరళ రూపం అడ్డం కాదు, తప్పు వేళ్లు అడ్డం. ‘ఇ, డి షార్ప్, ఇ, డి షార్ప్, ఇ, బి, డి, సి, ఎ’ అనే పల్లవికి సాధారణంగా వాడే వేళ్ల వరుస 5, 4, 5, 4, 5, 2, 4, 3, 1 (బొటనవేలు 1, చిటికెన వేలు 5; షార్ప్ అంటే ఆ స్వరానికి వెంటనే పైనున్న మీట). మీ ప్రతిలో వేరే అంకెలు ఉంటే ఇప్పుడే దీనికి మారడం మేలు, ఎందుకంటే అసలు ప్రతిలోనూ ఈ పల్లవి ఇదే. ఆ మొదటి రెండు స్వరాలు బార్‌గీతకు ముందే వస్తాయన్నది కూడా గమనించండి. చాలామంది మొదటి ‘ఇ’ మీదే బరువు వేస్తారు, దానితో లయ మొదటి అడుగులోనే పక్కకు జరుగుతుంది.

అసలు రచన అయిదు భాగాల రాండో: పల్లవి భాగం మూడుసార్లు వస్తుంది, మధ్యలో రెండు వేరే భాగాలు ఉంటాయి. ఆ రెండూ వేగంగా, కష్టంగా ఉంటాయి కాబట్టి సరళ ప్రతులు చాలావరకు పల్లవి భాగంతోనే ముగుస్తాయి. వాటి గురించి ఇప్పుడు దిగులు అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

చూశాను, మీరు చెప్పినట్లే రెండో మాత్ర ఖాళీగానే ఉంది. అయితే నేనే ఆ స్వరాన్ని చేర్చి, ఎడమచేతితో ‘ఎ, ఇ, పై ఎ’ మూడూ వాయించవచ్చా? నా చేయి చిన్నది.

జవాబు 1

తప్పకుండా వాయించండి. దానికి వేళ్లు 5, 2, 1. మూడు స్వరాలనూ ఒకేసారి పట్టి ఉంచనక్కరలేదు. చిటికెన వేలు ‘ఎ’ నొక్కి వదిలేశాక అరచేయి కొద్దిగా కుడివైపు జరగాలి, బొటనవేలిని సాగదీయకూడదు. నొప్పి అనిపిస్తే ఆగి, ఆ జరగడాన్ని ఇంకా నెమ్మదిగా చేయండి. తర్వాతి బార్‌లో అసలు ప్రతి ప్రకారం ఎడమచేతికి ‘ఇ, పై ఇ, జి షార్ప్’ వస్తాయి. ఈ దూరం అష్టకం (ఒక స్వరం నుంచి అదే పేరున్న పై స్వరం దాకా) కంటే ఎక్కువ కాబట్టి అక్కడ పెద్ద చేతులు కూడా జరగవలసిందే. ముందుగా మొదటి బార్ నిలకడగా వచ్చేదాకా రెండోదానిలో మీ ప్రతి ఇచ్చిన స్వరాలనే ఉంచండి. పెడల్ (స్వరాలను మోగుతూ ఉంచే కాలి మీట) మాత్రం ఇప్పుడే తొక్కవద్దు, అది అతుకులను కప్పేస్తుంది. లోపం ఎక్కడుందో మీ చెవికి తెలియదు.