సీసీ రోడ్డు ఎం-బుక్కు ‘వ్యక్తిగత సమాచారం’ అవుతుందా?

ప్రశ్న:
మా ఊళ్లో నిరుడు వేసిన సీసీ రోడ్డు ఈ వానలకే పెచ్చులూడి కంకర తేలింది. ఎస్టిమేటు, ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లుల నకళ్లు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే, కాంట్రాక్టరు వ్యక్తిగత సమాచారం కనుక సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేమని ఇరవై తొమ్మిదో రోజున ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డు లెక్క ఒకరి సొంత విషయం ఎలా అవుతుంది? దీనిపై ఏం చేయవచ్చో దయచేసి చెప్పండి.

మొదటి జవాబు:
ఆ సెక్షన్‌ను ఈమధ్యే మార్చారండి. ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా అకారణంగా ఒకరి గోప్యతకు భంగం కలిగించే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే నిరాకరించవచ్చనీ, శాసనసభకు నిరాకరించలేనిదాన్ని పౌరుడికీ నిరాకరించరాదనీ అందులో ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాటలను తీసేసింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. అయినా, జరిగే హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2) చెక్కుచెదరలేదు. బ్యాంకు ఖాతా నంబరు వంటివి కొట్టేసి మిగతా కాగితం ఇమ్మని సెక్షన్ 10 కింద అడగండి. జవాబు అందిన 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు వెళ్లాలి.

రెండో జవాబు:
నకళ్లతో పాటు రికార్డుల తనిఖీ కూడా కోరండి. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని చూడవచ్చు, నమూనాలు తీసుకోవచ్చు. మా వీధి రోడ్డు ఎం-బుక్కులో మందం 15 సెంటీమీటర్లని రాసి ఉంది. అంచు విరిగిన చోట స్కేలు పెట్టి చూస్తే 9 కూడా లేదు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాకే అధికారులు కదిలారు.

మూడో జవాబు:
నా బాధ మీ రోడ్డుతో ఆగడం లేదు. రాజస్థాన్‌లో 1990ల నాటి జనసునవాయిల్లో (ఊరి జనం ముందు జరిపే బహిరంగ విచారణల్లో) మస్టరు రోళ్లలోని, అంటే కూలీల హాజరు పట్టీల్లోని, పేర్లు పైకి చదివినందువల్లే పనిలోకి రానివాళ్ల పేరిట కూలి డబ్బు తీసుకున్న సంగతి బయటపడింది. మన ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లోనూ గ్రామసభలో పేర్లు చదివే సరిచూస్తారు. పేరే దాచవలసిన విషయమైతే దొంగ పేరును పట్టుకునేది ఎవరు? పైగా రెండో అప్పీలు వినవలసిన తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేరు. రాష్ట్రాలు ఆ కుర్చీలను ఖాళీగా ఉంచకుండా మనం అడుగుతూనే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సెక్షన్ 8(2), 10 రెండూ పేర్కొంటూ అప్పీలు రాశాను, తనిఖీ కూడా కోరాను. సోమవారం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను.